పిల్లలకు ప్రభుత్వం, పౌర బాధ్యతల గురించి ఎలా చెప్పాలి? బెంగళూరు తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ఆదివారం పొద్దున తెలుగు తరగతి పెట్టి ఆరేళ్లవుతోంది. అక్షరాలు, గుణింతాలు నేర్పుదామనే మొదలుపెట్టాను. కానీ పిల్లలు ఊరుకుంటారా? ఒకడు నా వేలి మీద సిరా చుక్క చూసి ఎందుకు పోవడం లేదన్నాడు. ఇంకొకతె ప్రధానమంత్రిని మధ్యలో తీసెయ్యొచ్చా అని అడిగింది. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన తల్లిదండ్రులు గుమ్మం దగ్గర, లిఫ్టులో, వాట్సాప్‌లో అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అందుకే వయసుల వారీగా రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, ఏది ముందు చదివినా ఇబ్బంది లేదు.

## మొదలుపెట్టే ముందు

స్కూల్లో సోషల్ టీచరు చెబుతూనే ఉన్నారు కదా, ఇంట్లో మళ్లీ ఎందుకు?

ఏడో తరగతి చదివే ఒక అమ్మాయికి లోక్‌సభ పాఠం మీద ఇరవైకి ఇరవై మార్కులొచ్చాయి. సీట్లెన్నో, గడువెంతో గడగడా అప్పజెప్పింది. "మరి మన ఏరియా ఎంపీ ఎవరమ్మా?" అన్నాను. నా వంక కాసేపు చూసి, "మనకి కూడా ఉంటారా ఆంటీ?" అంది. తెలివైన పిల్లే. కానీ పుస్తకంలోని ప్రభుత్వం ఢిల్లీలో ఉంది, తను కేఆర్ పురంలో ఉంది, ఆ రెంటికీ మధ్య దారి ఎవరూ చూపించలేదు. పేర్లూ సంఖ్యలూ బడిలో వస్తాయి. కుళాయి దగ్గర, హోటల్ బిల్లులో, పోలింగ్ రోజున ప్రభుత్వం మనకు ఎలా ఎదురవుతుందో చూపించాల్సింది మనమే.

ఏ వయసు నుంచి చెప్పాలి?

నాలుగేళ్లకే మొదలవుతుంది, దానికి పేరు పెట్టనక్కర్లేదు. జారుడుబండ దగ్గర తన వంతు వచ్చేదాకా ఆగడం, చాక్లెట్ కాగితం చెత్తబుట్ట కనిపించేదాకా జేబులో పెట్టుకోవడం, అందరం కలిసి ఒప్పుకున్న నియమాన్ని తనకు నచ్చకపోయినా పాటించడం. పార్లమెంటు సంగతులు ఎనిమిదేళ్ల తర్వాత చెప్పినా ఆలస్యమేం కాదు.

రాజకీయాలు మాట్లాడకుండా ప్రభుత్వం గురించి చెప్పడం కుదురుతుందా? మా ఇంట్లో ఈ మాట ఎత్తితే తాతయ్యకీ మా ఆయనకీ గొడవే.

కుదరదు, దాచి లాభమూ లేదు. వార్తలు చూస్తూ పెద్దవాళ్లు ఏమంటున్నారో పిల్లలు వింటూనే ఉంటారు. నేను చెప్పేది ఒక్కటే: పదవిని, ఆ పదవిలో ఉన్న మనిషిని వేరుచేసి మాట్లాడండి. "ఈ నిర్ణయం నాకు నచ్చలేదు, ఎందుకంటే..." అంటే పిల్లలు కారణం వింటారు. "వాళ్లంతా దొంగలు" అంటే ఆ తిట్టు ఒక్కటే నేర్చుకుంటారు. తాతయ్య, నాన్న వేర్వేరు పార్టీలకు ఓటేసి వచ్చి ఒకే విస్తరి వరసలో కూర్చుని తింటారన్న సంగతి పిల్లలకు గట్టిగా చెప్పండి. ప్రజాస్వామ్యం గురించి నాకు తెలిసిన మంచి పాఠాల్లో అదొకటి.

## అయిదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు

"ప్రభుత్వం అంటే ఏంటి?" అని మా ఆరేళ్ల బాబు అడిగాడు. వాడికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

అపార్ట్‌మెంట్‌తో పోల్చి చెప్పండి, వెంటనే పట్టుకుంటాడు. అందరం నెలనెలా మెయింటెనెన్స్ కడతాం. ఆ డబ్బుతో వాచ్‌మన్ జీతం, లిఫ్టు రిపేరు, ఎండాకాలంలో నీళ్ల ట్యాంకరు. ఎవరి లిఫ్టు వాళ్లు పెట్టుకోలేం కాబట్టి కలిసి పెట్టుకున్నాం. పనులు చూడటానికి ఒక కమిటీని ఎన్నుకున్నాం, సరిగ్గా చూడకపోతే వచ్చే ఏడు మారుస్తాం. దేశం మొత్తానికి అలాంటి ఏర్పాటే ప్రభుత్వం.

అయితే ఇందులో ఒక తేడా ఉంది, అది మాత్రం వదిలెయ్యకండి. అపార్ట్‌మెంట్ సంఘంలో మాట ఫ్లాటు సొంతదారులదే. దేశంలో అద్దెకున్నవాళ్లకూ, అసలు ఇల్లే లేనివాళ్లకూ, మన ఇంట్లో అంట్లు తోమే అక్కకూ, కంపెనీ యజమానికీ 18 నిండితే తలా ఒక్క ఓటే. నేనీ మాట చెప్పినప్పుడు ఒక పిల్లాడు "వాచ్‌మన్ అంకుల్‌కీ మా నాన్నకీ ఒకటేనా?" అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ ఒకటే అని చెప్పాను.

రాష్ట్రపతి పెద్దా, ప్రధానమంత్రి పెద్దా?

దేశాధినేత రాష్ట్రపతి. పార్లమెంటు చేసిన చట్టం మీద సంతకం పెట్టేది, త్రివిధ దళాలకు సర్వసేనాధిపతి ఆ పదవిలో ఉన్నవారే. ప్రభుత్వాన్ని నడిపేది ప్రధానమంత్రి, మంత్రివర్గం. లోక్‌సభలో సగానికి పైగా సభ్యుల మద్దతు ఉన్నంతకాలమే వాళ్లు ఆ పదవుల్లో ఉంటారు. చిన్నపిల్లలకు ఇంతవరకు చాలు.

మనవాళ్ల పేర్లు చేర్చి చెబితే ఇంకా గుర్తుంటుంది. తెలుగు ఇళ్లలో పుట్టిన ముగ్గురు రాష్ట్రపతులయ్యారు, ముగ్గురికీ ఈ కన్నడ నేలతో బంధం ఉంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ మైసూరు విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. వి.వి. గిరి అప్పటి మైసూరు రాష్ట్రానికి గవర్నరుగా ఉన్నారు. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి 1996లో కన్నుమూసింది బెంగళూరులోనే. ఇక ప్రధానమంత్రి అయిన తెలుగువారు పి.వి. నరసింహారావు, 1991 నుంచి 1996 దాకా.

మా పాపకు ప్రతిజ్ఞ ఇంగ్లీషులోనే వచ్చు. తెలుగులో నేర్పితే తప్పేమైనా ఉందా?

తప్పేముంది, ఆ ప్రతిజ్ఞ పుట్టిందే తెలుగులో! నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకటసుబ్బారావు 1962లో విశాఖపట్నంలో ఖజానా అధికారిగా పనిచేస్తూ దీన్ని రాశారు. "భారతదేశం నా మాతృభూమి, భారతీయులందరూ నా సహోదరులు" అన్నదే మూలం, ఇంగ్లీషుది అనువాదం. ముందు విశాఖ బడుల్లో చదివించారు. ఆ తర్వాత 1964 అక్టోబరులో కేంద్ర విద్యా సలహా మండలి సమావేశంలో దేశమంతటా పిల్లలతో చెప్పించాలని నిర్ణయించారు, 1965 జనవరి 26 నుంచి అమలైంది. ఆ సమావేశం జరిగింది మన బెంగళూరులోనే. ఈ సంగతి తెలిసిన రోజు మా తరగతిలో పిల్లలు వాళ్లంతట వాళ్లే లేచి నిలబడి తెలుగులో చెప్పారు. ఇంగ్లీషు బడిలో చదివే పిల్లకు తన భాష నుంచి దేశం ఒక మాట తీసుకుందని తెలియడం చిన్న విషయం కాదు.

పంద్రాగస్టు మర్నాడు కాగితం జెండాలు రోడ్డు మీద పడి ఉంటాయి. పిల్లలకు ఏం చెప్పాలి?

తీసి జేబులో పెట్టుకోమనండి. నలిగిన జెండాను నలుగురూ తొక్కే చోట పడెయ్యకూడదని, గౌరవంగా, ఎవరూ చూడకుండా నాశనం చెయ్యాలని జెండా నియమావళి చెబుతోంది. ఆ జెండా కథ కూడా చెప్పండి: మచిలీపట్నం దగ్గర భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు గాంధీజీకి ఒక నమూనా ఇచ్చారు. అది మారుతూ వచ్చి 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన మూడు రంగుల జెండా అయింది. ఖాదీ జెండాలు కుట్టే పేరున్న కేంద్రం హుబ్బళ్లి దగ్గర బెంగేరిలో ఉంది.

జనగణమన అయ్యేదాకా కదలకుండా నిలబడటం మావాడి వల్ల కావడం లేదు.

52 సెకన్లు. ఇంట్లో గడియారం పెట్టి ఒకసారి నిలబెట్టండి, అంతేనా అంటాడు. వేసవి సెలవులకు ఊరికి వెళ్తూ మదనపల్లె మీదుగా పోయేవాళ్లయితే అక్కడి థియోసాఫికల్ కాలేజీ చూపించండి. 1919లో రవీంద్రనాథ్ టాగూర్ అక్కడ ఉండగానే ఈ గీతాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు.

## తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు

కేంద్రం, రాష్ట్రం, కార్పొరేషన్... ఏది ఎవరి పనో మాకే తికమక. పిల్లలకు ఎలా విడమరచాలి?

ఇంటి నుంచి స్కూలు దాకా నడుస్తూ "ఇది ఎవరిది?" అనే ఆట ఆడండి. మా పిల్లలకు ఇదంటే పిచ్చి.

గేటు దగ్గరికి వచ్చే చెత్త బండి కార్పొరేషన్‌ది. మూల మీది ఎర్ర పోస్టు డబ్బా కేంద్రానిది. కూడలిలో ట్రాఫిక్ పోలీసు, బీఎంటీసీ బస్సు రాష్ట్రానివి. కావేరి నీళ్లిచ్చే జలమండలి, కరెంటిచ్చే బెస్కామ్ రెండూ రాష్ట్ర ప్రభుత్వ సంస్థలే. వంతెన కింద పోయే రైలు కేంద్రానిది. మెట్రో దగ్గర పిల్లలు తప్పకుండా పొరబడతారు, ఎందుకంటే అందులో కేంద్రం, రాష్ట్రం చెరిసగం భాగస్వాములు. బడి దగ్గర ఇంకో మెలిక ఉంది. విద్య మొదట రాష్ట్రాల జాబితాలో ఉండేది, 1976లో రాజ్యాంగ సవరణతో ఉమ్మడి జాబితాలోకి వచ్చింది. కాబట్టి దాని మీద ఇద్దరూ చట్టాలు చెయ్యొచ్చు. సైన్యం, పాస్‌పోర్టు, రూపాయి నోటు, విమానయానం కేంద్రానివి.

ఈ ఆట వల్ల అసలు ఉపయోగం ఏమిటంటే, గుంత పడిన రోడ్డుకు ప్రధానమంత్రిని తిట్టడం మానేస్తారు, ఎవరిని అడగాలో వాళ్లనే అడుగుతారు. పెద్దవాళ్లలోనే చాలామందికి ఆ అలవాటు లేదు.

కార్పొరేషన్ విషయంలో ఒక మాట. బెంగళూరు మహానగర పాలికె కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎన్నికలే జరగలేదు. 2025లో గ్రేటర్ బెంగళూరు ప్రాధికారం కింద నగరాన్ని అయిదు కార్పొరేషన్లుగా విడగొట్టారు. అంటే 2020 తర్వాత పుట్టిన పిల్లలు నడక నేర్చి, బడికి వెళ్లే వయసొచ్చేదాకా వాళ్ల వార్డుకు కార్పొరేటరే లేరు. ఇది పిల్లలకు చెప్పాల్సిన విషయమే అని నా అభిప్రాయం. ఎన్నికలు వాటంతట అవే జరిగిపోవని, ప్రజలు అడగాలని వాళ్లకు తెలియాలి.

"పన్ను ఎందుకు కట్టాలి?" అంటే ఏం చెప్పాలి? ఇన్‌కమ్ టాక్స్ వాళ్లకు అర్థం కాదు కదా.

జీఎస్టీ వేసే హోటల్‌కు తీసుకెళ్లి టిఫిన్ తిన్నాక బిల్లు పిల్లల చేతికివ్వండి. 200 రూపాయల టిఫిన్‌కు కింద రెండు గీతలుంటాయి: సీజీఎస్టీ రెండున్నర శాతం, అయిదు రూపాయలు, ఎస్‌జీఎస్టీ రెండున్నర శాతం, మరో అయిదు రూపాయలు. మొదటిది ఢిల్లీకి, రెండోది ఈ రాష్ట్రానికి. మసాలా దోసె ముక్క నోట్లో పెట్టుకుని ఆ రెండు గీతల మీద వేలు పెట్టి చూస్తూ మా మేనకోడలు, "అయితే నేను కూడా కట్టానా అత్తా?" అంది. కట్టావమ్మా అన్నాను. పాకెట్ మనీతో కొన్న బిస్కెట్ ప్యాకెట్ ధరలో కూడా పన్ను కలిసే ఉంటుంది. అప్పటి నుంచి పగిలిన ఫుట్‌పాత్ కనిపిస్తే "నా అయిదు రూపాయలు" అంటుంది. ఆ మాట అననివ్వండి. ప్రభుత్వ డబ్బు అంటే ఎవరిదో కాదని, తనదీ అందులో ఉందని ఆ పిల్లకు తెలిసింది. బస్సు సీటు చింపినా, పార్కులో దీపం పగలగొట్టినా పోయేది తన డబ్బేనని కూడా ఆ బిల్లు చూపించే చెప్పొచ్చు.

లోక్‌సభ ఉండగా రాజ్యసభ ఎందుకు?

లోక్‌సభకు మనం నేరుగా ఓటేస్తాం, 543 స్థానాలు. కర్ణాటకవి 28, ఆంధ్రప్రదేశ్‌వి 25, తెలంగాణవి 17. అయిదేళ్లకోసారి ఎన్నికలు, ఈలోపే రద్దు కావచ్చు కూడా. రాజ్యసభ రాష్ట్రాల తరఫున మాట్లాడే సభ. దాని సభ్యుల్ని ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు, పన్నెండు మందిని రాష్ట్రపతి నియమిస్తారు. ఒక్కొక్కరికి ఆరేళ్లు. రెండేళ్లకోసారి మూడో వంతు మంది దిగిపోతారు తప్ప సభ మొత్తం ఎప్పుడూ రద్దు కాదు. ఒక సభ తొందరపడితే ఇంకో సభ నిదానంగా చూస్తుందని ఆ ఏర్పాటు. డబ్బు వ్యవహారాల్లో మాత్రం లోక్‌సభదే పైచేయి. ద్రవ్య బిల్లును (మనీ బిల్లు) రాజ్యసభ 14 రోజులకు మించి ఆపలేదు.

ప్రధానమంత్రిని మధ్యలో తీసెయ్యొచ్చా?

వీలుంది. లోక్‌సభ విశ్వాసం పోతే దిగిపోవాల్సిందే. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం విశ్వాస తీర్మానం మీద ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది: అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270. అప్పుడు స్పీకర్ కుర్చీలో ఉన్నది కోనసీమకు చెందిన జి.ఎం.సి. బాలయోగి. ఈ కథ చెప్పి, తర్వాత పిల్లలతో ఒక చిన్న ఓటింగ్ పెట్టండి. ఆదివారం సాయంత్రం కబ్బన్ పార్కా, లాల్‌బాగా? చీటీలు వేయించండి, పిల్లలతోనే లెక్కపెట్టించండి. ఓడినవాళ్లు అలిగితే అలగనివ్వండి, కానీ గెలిచిన చోటికే అందరూ వెళ్లాలి. ఆ అలక తీరే దారిలోనే చాలా నేర్చుకుంటారు.

విధానసౌధ చూపించడానికి తీసుకెళ్తే ఏం చూపించాలి? ఫొటో దిగి వచ్చేస్తున్నాం.

ముందు నిలబడి తల పైకెత్తమనండి. ముఖద్వారం పైన కన్నడలో ఒక వాక్యం ఉంటుంది. మా తరగతిలో తెలుగు అక్షరాలు అప్పుడప్పుడే వచ్చిన తొమ్మిదేళ్ల పిల్లాడు కళ్లు చికిలించి, "స... ర్కా... ర... ద..." అని కూడబలుక్కున్నాడు. మన లిపి, కన్నడ లిపి అక్కచెల్లెళ్లు కాబట్టి చాలా అక్షరాలు వాడికి తెలిసినవే. "కె" దగ్గర ఆగిపోయాడు, మన "కె"కూ వాళ్ల "కె"కూ పోలిక తక్కువ. అందిస్తే మొత్తం చదివేశాడు: "సర్కారద కెలస దేవర కెలస". కెలస అంటే పని, సర్కారు పని దేవుడి పని అని అర్థం చెప్పాను. "మరి అందరూ అలాగే చేస్తారా?" అన్నాడు. "చెయ్యాలని గుర్తుచెయ్యడానికే అంత ఎత్తున రాశారు" అన్నాను.

1951లో నెహ్రూ శంకుస్థాపన చేశారు, ముఖ్యమంత్రి కెంగల్ హనుమంతయ్య పట్టుబట్టి కట్టించారు, 1956కు పూర్తయింది. ఇప్పుడు వెనక్కి తిరగమనండి. రోడ్డుకు అవతల ఎర్రగా కనిపించేది అఠారా కచేరి, అందులోనే హైకోర్టు. ఇటు చట్టాలు చేసేవాళ్లు, వాటిని అమలుచేసే మంత్రులు. అటు ఆ చట్టం రాజ్యాంగానికి లోబడి ఉందో లేదో చూసే న్యాయమూర్తులు. ఢిల్లీలోనూ ఇదే అమరిక: పార్లమెంటు, మంత్రిత్వ శాఖలు, సుప్రీంకోర్టు. రోడ్డు మధ్యలో నిలబడి చెప్పకండి, వాహనాలు విపరీతం. పార్కు వైపు ఫుట్‌పాత్ మీద నీడ ఉంటుంది.

రాజ్యాంగం గురించి బోరు కొట్టకుండా ఎలా చెప్పాలి?

మనుషుల గురించి చెప్పండి. ముసాయిదా సంఘానికి అధ్యక్షుడు అంబేద్కర్. ఆ సంఘంలో సభ్యుడైన ఎన్. మాధవరావు మచిలీపట్నంలో పుట్టి మైసూరు సంస్థానానికి దివాన్‌గా చేశారు. అంటే ఉద్యోగానికి ఈ రాష్ట్రం వచ్చిన తెలుగువాళ్లలో మనకంటే ముందువారన్నమాట. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి రాజ్యాంగ సభలోని కొద్దిమంది మహిళల్లో ఒకరు. రాజ్యాంగాన్ని 1949 నవంబరు 26న ఆమోదించారు, 1950 జనవరి 26న అమలులోకి వచ్చింది. తర్వాత పీఠిక ఒక్కటి రోజుకో పదం చొప్పున చదివించండి. "సౌభ్రాతృత్వం" దగ్గర రెండు రోజులు ఆగండి.

ప్రాథమిక విధులు పదకొండూ బట్టీ పట్టించాలా?

అక్కర్లేదు. మూడు నాలుగు చేయిస్తే చాలు: చెరువులు, అడవులు కాపాడటం, ప్రజల ఆస్తిని పాడుచెయ్యకపోవడం, ప్రశ్నించే శాస్త్రీయ దృష్టి. తడి చెత్త, పొడి చెత్త, శానిటరీ చెత్త వేరుచేసే పని వారం పాటు పిల్లలకే అప్పగించండి. అన్నట్టు, 2002లో చేర్చిన పదకొండో విధి మనదే: ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువు చెప్పించడం తల్లిదండ్రుల, సంరక్షకుల బాధ్యత.

## మన ఊరు కాని ఊళ్లో

మేం ఆంధ్రా నుంచి వచ్చినవాళ్లం. "ఇక్కడి ప్రభుత్వం మనదేనా?" అని పాప అడిగింది.

మనదే. మన దేశంలో రాష్ట్రానికో పౌరసత్వం లేదు, ఉన్నది ఒక్క భారత పౌరసత్వమే. దేశంలో ఎక్కడైనా నివసించే, స్థిరపడే హక్కు 19వ అధికరణ ఇచ్చింది. ఇక్కడి నీళ్లు తాగుతున్నాం, ఇక్కడి రోడ్ల మీద తిరుగుతున్నాం, ఇక్కడ పన్ను కడుతున్నాం. కాబట్టి ఇక్కడ అడిగే హక్కూ ఉంది, ఇక్కడి మంచిచెడ్డల్లో పాలుపంచుకునే బాధ్యతా ఉంది. కన్నడ మాట్లాడటం అందులో మొదటిది. ఆటో డ్రైవరుతో, కూరగాయల అవ్వతో పిల్లలు కన్నడలో మాట్లాడితే వాళ్ల తెలుగు ఎక్కడికీ పోదు.

ఓటు సొంతూళ్లోనే ఉంచుకోవాలా, బెంగళూరుకు మార్చుకోవాలా?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. చట్టం స్పష్టంగా ఉంది: సాధారణంగా ఎక్కడ నివసిస్తున్నామో అక్కడే ఓటు. ఊళ్లో సొంతిల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివసిస్తున్నట్టు కాదని కూడా 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోనే రాసి ఉంది. రెండు చోట్ల పేరు ఉండకూడదు, తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చు. ఇల్లు మారినవాళ్లు ఫారం 8 నింపి మార్చుకోవచ్చు.

మనసు ఊరి వైపు లాగుతుందని నాకు తెలుసు. 2024లో బెంగళూరు పోలింగ్ ఏప్రిల్ 26న, ఆంధ్ర, తెలంగాణల్లో మే 13న. మే నెలలో మా కాంప్లెక్స్ సగం ఖాళీ అయింది, బస్సు టికెట్లు దొరకలేదు. ఆంధ్రలో పోలింగ్ 80 శాతం దాటింది. బెంగళూరు ఉత్తర, మధ్య, దక్షిణ నియోజకవర్గాల్లో 55 శాతం కూడా రాలేదు. పిల్లలు పుట్టి పెరుగుతున్న చోటు ఇది, వాళ్ల బడి దారి, వాళ్ల పార్కు, వాళ్ల నీళ్లు ఇక్కడే. నేను పదేళ్లు తాత్సారం చేసి చివరికి మార్చుకున్నాను. ముందే చెయ్యాల్సింది.

పోలింగ్ బూత్‌కు పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

చంటిబిడ్డను ఎత్తుకుని లోపలికి వెళ్లడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. పెద్ద పిల్లల్ని బయట ఇంకొకరి దగ్గర ఉంచి వెళ్లండి. క్యూ చూసినా, మీ వేలి మీది చుక్క చూసినా చాలు. ఆ సిరా మైసూరులో, 1937లో పెట్టిన ప్రభుత్వ రంగుల కర్మాగారంలో తయారవుతుంది. 1962 నుంచి దేశమంతా అదే వాడుతున్నారు. ఓటు యంత్రాలు చేసేది బెంగళూరు బీఈఎల్, హైదరాబాద్ ఈసీఐఎల్. బటన్ నొక్కాక పక్కనున్న పెట్టె అద్దంలో చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుందని చెప్పండి, వెంటనే ఇంట్లో అట్టపెట్టెతో అలాంటిది చేసేస్తారు.

## పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా

మా అబ్బాయి "అందరూ ఒకటే, ఓటేసి ఏం లాభం" అంటాడు. ఎలా మాట్లాడాలి?

ముందు వాదించకండి. ఏది చూసి అలా అన్నాడో అడగండి, ఆ కోపంలో న్యాయం ఉంటే ఒప్పుకోండి.

తర్వాత మొదటి సార్వత్రిక ఎన్నికల సంగతి చెప్పండి. 1951–52లో ఓటర్ల జాబితా రాస్తుంటే చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్య, ఫలానావారి అమ్మ అన్నారు. సొంత పేరు చెబితేనే రాస్తామని ఎన్నికల సంఘం పట్టుబట్టింది, దాదాపు 28 లక్షల మంది పేర్లు జాబితాకెక్కలేదు. ప్రభుత్వ కాగితం మీద ఒక ఆడమనిషి పేరు ఆమె పేరుగా ఉండటం అప్పుడెంత కొత్తో ఆలోచించమనండి. మా నాయనమ్మ చదువుకోలేదు, ఓటు రోజున మాత్రం పొద్దున్నే తలస్నానం చేసి ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లేది. ఇది విన్నాక కూడా మీవాడు ఒప్పుకోకపోవచ్చు. ఫరవాలేదు, విన్నాడు కదా.

కాలనీ సమస్య మీద పిల్లలతో ఫిర్యాదు చేయించొచ్చా? ఎవరైనా పట్టించుకుంటారా?

చేయించండి. మా గేటు ఎదుట వీధిదీపం మూడు నెలలు వెలగలేదు. ఏడుగురు పిల్లలు కూర్చుని, కన్నడ బాగా వచ్చిన అమ్మాయితో ఉత్తరం రాయించారు. ఆఫీసుకు తీసుకెళ్లి ఇస్తే అక్కడున్నాయన చదివి, "ఏ స్తంభం?" అన్నాడు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఉత్తరంలో వీధి పేరుంది గానీ స్తంభం నంబరు లేదు, ఎప్పటి నుంచి వెలగడం లేదో లేదు. ఆ సాయంత్రం టార్చి వేసుకుని వెళ్లి, పెయింటు సగం రాలిన నంబరును గోటితో దుమ్ము గీకి చదివారు. రెండో ఉత్తరంలో నంబరు, తేదీ, పక్కనున్న దుకాణం గుర్తు, అన్నీ ఉన్నాయి. ఒక ప్రతి మీద ముద్ర వేయించుకుని తెచ్చుకున్నారు. దానికీ కదలిక లేదు. మూడోసారి ఆ ముద్ర ఉన్న ప్రతి చూపించారు, నాలుగు రోజుల్లో దీపం వెలిగింది.

జవాబే రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, 2005లో వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ల పేరున అర్జీ పెట్టండి. కేంద్ర కార్యాలయాలకు ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ప్రశ్న మాత్రం పిల్లల్నే రాయమనండి. "ఎందుకు చెయ్యలేదు?" అని కాకుండా "ఈ పనికి ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, ఏ తేదీన?" అని అడగడం నేర్పాలి.

పదహారేళ్లకే బండి తాళం అడుగుతున్నాడు. "అందరూ నడుపుతున్నారు" అంటాడు.

ఇవ్వకండి. మైనరు బండి నడిపి నేరం జరిగితే 2019 సవరణ ప్రకారం శిక్ష తల్లిదండ్రులకో, బండి యజమానికో: 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఇది చెప్పేటప్పుడు మీ హెల్మెట్ మీ తల మీద ఉండాలి, సందు చివర దాకా రాంగ్ సైడులో వెళ్లే అలవాటు మానెయ్యాలి. వాళ్లు మన మాటల కన్నా మన బండినే ఎక్కువ గమనిస్తారు.

మా అమ్మాయి వాట్సాప్‌లో వచ్చిన ప్రతిదీ నిజమని నమ్ముతోంది.

మూడు ప్రశ్నలు అలవాటు చెయ్యండి: ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, అసలు కాగితం ఎక్కడుంది? చట్టం వచ్చిందంటే గెజిట్‌లో ఉంటుంది, పార్లమెంటులో మంత్రి అన్నారంటే పార్లమెంటు వెబ్‌సైట్లో ఉంటుంది. దొరక్కపోతే పంపొద్దు. ఇంట్లో పెద్దవాళ్లు పంపినా ఇదే పద్ధతి.

17 నిండాయి. ఓటరుగా ఎప్పుడు నమోదు చేయించాలి?

ఇప్పుడే ఫారం 6 పెట్టొచ్చు. 17 నిండినవాళ్లు ముందుగానే దరఖాస్తు చేసుకునే వీలుంది. ఇంతకుముందు జనవరి 1 ఒక్కటే అర్హత తేదీ. ఇప్పుడు జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1, ఈ నాలుగింటిలో 18 నిండాక ముందు వచ్చే తేదీకి పేరు ఎక్కుతుంది. ఫారం వాళ్ల చేతే నింపించండి. 21 ఏళ్లకు గానీ ఓటు లేని రోజుల నుంచి 18కి తెచ్చింది 61వ సవరణ అని, 1989 నుంచి అమలని అప్పుడే చెప్పండి.

ఇవన్నీ మాకే సరిగా తెలియవు. పిల్లలు అడిగితే పరువు పోతుందేమో?

"తెలీదు, చూద్దాం పద" అనండి. రాజ్యాంగం తెలుగు ప్రతి కేంద్ర న్యాయశాఖ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది. పార్లమెంటు జరిగే రోజుల్లో ప్రశ్నోత్తరాల గంట సంసద్ టీవీలో చూడొచ్చు, ఉదయం లోక్‌సభది, మధ్యాహ్నం పన్నెండుకు రాజ్యసభది. మా ఇంట్లో వేసవి సెలవుల్లో ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటిస్తాం. తెలియని ప్రశ్న వచ్చినప్పుడల్లా దాని మీద రాసి, శనివారం రాత్రి అన్నాలయ్యాక కలిసి వెతుకుతాం. ప్రస్తుతం దాని మీదున్నది మా చిన్నవాడి ప్రశ్న: "స్పీకర్‌కు కోపం వస్తే ఎంపీని బయటికి పంపొచ్చా?"